మెరిసే వస్తువును ఫోన్‌తో ఫొటో తీయడం ఎలా?

మా వదిన విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి నుంచే మంగళగిరి చీరలు, ఇత్తడి, స్టీలు సామాను అమ్ముతుంది. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే తెనాలి నుంచి, గుంటూరు నుంచి కూడా అడుగుతారు. రెండేళ్ల క్రితం ఒకరోజు స్టీలు బిందె ఫొటో తీసిపెట్టమంది. తీశాను. చూస్తే అందులో బిందె తప్ప అన్నీ ఉన్నాయి. పొట్ట మీద నిలువునా ట్యూబ్‌లైటు గీత, దాని పక్కన కిటికీ ఊచలు, మెడ దగ్గర దండెం మీది తువ్వాలు, సరిగ్గా మధ్యలో ఫోన్ పట్టుకుని నేను. పదిసార్లు తీసినా అంతే.

అప్పటి నుంచి ఎన్నో వస్తువులకు ఫొటోలు తీశాను. తెలిసింది ఒక్కటే: మెరిసే వస్తువుకు ఫొటో తీయడమంటే దాని ఎదురుగా ఉన్నవాటికి ఫొటో తీయడమే. వస్తువును ఎంత తుడిచినా, ఎంత తిప్పినా లాభం లేదు. ముందు దాని ఎదురుగా ఏముందో అది సర్దాలి. ఈ మాట ఒక్కసారి చేతికి అలవాటైతే బిందె నుంచి గోడ మీది పాత ఫొటో దాకా ఏదైనా తీయగలరు.

కావలసినవి ఇంట్లోనే ఉంటాయి. ఒక తెల్ల పంచె, ఒక నల్ల గుడ్డ లేదా ముదురు రంగు దుప్పటి, రెండు థర్మాకోల్ షీట్లు, తెల్ల చార్టు ఒకటి, నల్ల చార్టు ఒకటి, చిన్న చేతి అద్దం. వీటన్నిటికంటే ముందు ఫోన్ లెన్స్‌ను మెత్తటి పాత నూలు గుడ్డతో తుడవండి. వంటింట్లో వాడే ఫోన్ లెన్స్ మీద నూనె చేతి ముద్ర ఉండనే ఉంటుంది. ఆ ముద్ర వెలుగును చెదరగొట్టి ఫొటో మొత్తానికి పొగ పట్టిస్తుంది.

ముందు రాత్రిపూట పది నిమిషాలు

ఇది దాటేసి నేరుగా బిందె దగ్గరికి వెళ్లకండి. ఈ పది నిమిషాలే తర్వాత మీకు గంటలు మిగులుస్తాయి.

రాత్రి భోజనాలయ్యాక ఒక గదిలో లైట్లన్నీ ఆపేయండి. చేతి అద్దాన్ని తెల్ల గోడకు ఆనించి పెట్టండి. ఫోన్ టార్చి వెలిగించి, ఒక పక్క నుంచి ఏటవాలుగా, అద్దం మీదా గోడ మీదా కలిపి పడేలా పట్టుకోండి. ఇప్పుడు చూడండి. గోడ తెల్లగా వెలుగుతుంటుంది. అద్దం మాత్రం గోడలో నల్లటి కన్నంలా కనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువ మెరవాల్సిన అద్దమే అన్నిటికంటే చీకటిగా ఉంటుంది.

దాని మీద పడ్డ వెలుగు ఎటు పోయిందో వెతకండి. గదిలో అవతలి గోడ మీదో, బీరువా తలుపు మీదో అద్దం ఆకారంలో ఒక మెరుపు పడి ఉంటుంది. అద్దం తన మీద పడ్డదాన్నంతా ఒకే దారిన పంపేసింది. మీరు ఆ దారిలో లేరు కాబట్టి మీకు చీకటి. ఆ మెరుపు పడ్డ చోట తల పెట్టి అద్దంలోకి చూస్తే కళ్లు చెదురుతాయి.

క్యారమ్స్ ఆడినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. స్ట్రైకర్ అంచుకు ఎంత వాలుగా తగిలితే అంతే వాలుగా అవతలి వైపుకు వెళ్తుంది. అద్దం మీద వెలుగూ అంతే. గోడ సంగతి వేరు. కంకర రోడ్డు మీద గుప్పెడు శనగలు విసిరితే ఒక్కోటి ఒక్కో వైపుకు ఎగిరినట్టు, గోడ మీద పడ్డ వెలుగు నలుదిక్కులకూ పోతుంది. అందుకే మీరు గదిలో ఏ మూల నిలబడినా గోడ ఒకేలా తెల్లగా కనిపిస్తుంది.

గోడ చేతికి నున్నగానే తగులుతుంది కదా అనిపించవచ్చు. వెలుగు కొలత వేరు. కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు మిల్లీమీటరులో సుమారు రెండు వేలో వంతు. ఎగుడుదిగుడులు దానికంటే బాగా చిన్నవైతేనే వెలుగుకు అది నునుపు. మన వేలికి నున్నగా అనిపించే కాగితం, సున్నం గోడ వెలుగుకు కొండలూ లోయలూ. కొత్త స్టీలు పళ్లెంలో ముఖం కనిపించడం, ఏడాదిపాటు పీచుతో తోమాక అదే పళ్లెంలో మసక మెరుపు మాత్రమే మిగలడం ఇందువల్లే. గీతలు పడి దారులు చెదిరిపోయాయి.

ఇంట్లో చాలా వస్తువులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఆయిల్ పెయింట్ వేసిన తలుపు, టేకు బల్ల, చెమట పట్టిన నుదురు. వాటిలో కొంత వెలుగు అద్దంలా ఒక దారిన, మిగతాది గోడలా అన్ని దారులా పోతుంది.

మిరపకాయ, ఇత్తడి కుంది

వంటింట్లోంచి ఒక ఎండుమిరపకాయ తెచ్చుకోండి. గుంటూరు కాయ అయితే తొక్క నిగనిగలాడుతూ ఉంటుంది, బాగా కనిపిస్తుంది. కిటికీ పక్కన నిలబడి తొడిమ పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఎర్రటి తొక్క మీద, ముడత పైకి లేచిన ప్రతిచోటా సన్నటి తెల్ల గీత నడుస్తుంది. ఇంకా దగ్గరగా చూడండి. ఆ గీతలో ఎరుపు అసలు లేదు. అది కిటికీ రంగు. సాయంత్రం పసుపు బల్బు కింద చూస్తే అదే గీత పసుపుగా ఉంటుంది. కాయ లోపలికి దిగి బయటికొచ్చిన వెలుగే ఎరుపు. తొక్క పైపొర మీదే తగిలి వెనుదిరిగిన వెలుగుకు కాయ రంగు అంటలేదు.

ఇప్పుడు ఇత్తడి కుందిని అదే కిటికీ దగ్గర పెట్టండి. దాని మెరుపు కూడా పసుపే. తెల్లటి కిటికీ అందులో పసుపు కిటికీగా కనిపిస్తుంది. లోహంలోకి వెలుగు లోతుగా దిగదు. పైనే తిరిగి వస్తుంది. ఇత్తడి, రాగి, బంగారం నీలాన్ని తక్కువగా తిప్పిపంపుతాయి కాబట్టి మెరుపుకే రంగు పడుతుంది. వెండి, స్టీలు అన్ని రంగులనూ దాదాపు సమానంగా పంపుతాయి.

ఫొటో తీసేవారికి ఇది అసలైన తేడా. మిరపకాయ, గాజు, నీరు, తోలు చెప్పు, పాలిష్ కొట్టిన బల్ల, వీటి మీది మెరుపును తప్పించవచ్చు. తప్పిస్తే అసలు రంగు బయటపడుతుంది. లోహం మీది మెరుపును తప్పిస్తే మిగిలేది నలుపే, ఎందుకంటే లోహం కనిపించేదే మెరుపుతో. కాబట్టి లోహం దగ్గర మెరుపును తీసేయాలని చూడకండి. మంచి మెరుపును దాని ముందు పెట్టండి. నేను మొదటి ఆరు నెలలూ ఈ రెండింటినీ ఒకటిగానే చూసి తంటాలు పడ్డాను.

బిందె

చోటు ముందు చూసుకోండి. ఎండ నేరుగా పడని వరండా గాని కిటికీ గాని కావాలి. ఉత్తరం వైపుదైతే మంచిది. అయితే మన విజయవాడలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు వరండాలోకీ ఎండ తొంగిచూస్తుంది. మబ్బు పట్టిన రోజు దొరికితే వదులుకోకండి. ఆకాశమంతా ఒక పెద్ద తెల్ల గుడ్డ పరిచినట్టే.

ఇంట్లో లైట్లన్నీ ఆపేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, బల్బు వెలుగు ఇంకో రంగు. రెండూ కలిస్తే బిందెకు ఒకవైపు నీలం, ఒకవైపు పసుపు పడుతుంది. ఫోన్ ఫ్లాష్ అసలు వాడకండి. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుగు బిందె పొట్టకు తగిలి నేరుగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. ఫొటోలో తెల్లటి మచ్చ, దాని చుట్టూ చీకటి తప్ప ఇంకేమీ మిగలదు.

రెండు కుర్చీలను ఎదురెదురుగా జరిపి, పిల్లలు గుడారం కట్టుకున్నట్టు, పైనుంచి తెల్ల పంచె కప్పండి. రెండు పక్కలకూ నేల దాకా దిగాలి. లోపల తెల్ల చార్టును వెనక నుంచి ముందుకు వంపుగా పరిచి దాని మీద బిందె పెట్టండి. కిటికీ వెలుగు ఇప్పుడు పంచెలోంచి వడగట్టుకుని లోపలికి వస్తుంది. బిందెకు ఎదురుగా ఎటు చూసినా తెలుపే. ఊచలు లేవు, తువ్వాలు లేదు.

ఇప్పుడొక కొత్త చిక్కు వస్తుంది. చుట్టూ తెలుపే అయితే తెల్లటి బిందె తెల్లటి చార్టులో కలిసిపోతుంది. అంచు ఎక్కడో తెలియదు. దీనికోసమే నల్ల చార్టు. రెండు అంగుళాల వెడల్పుతో రెండు నిలువు పట్టీలు కత్తిరించి, బిందెకు అటూ ఇటూ, ఫొటోలో పడనంత దూరంలో నిలబెట్టండి. వాటి నీడలు కావు, వాటి ప్రతిబింబాలు బిందె రెండు అంచుల వెంబడి సన్నటి నల్ల గీతలై దిగుతాయి. ఆ గీతలు పడగానే బిందెకు గుండ్రతనం వస్తుంది. పట్టీని ఒక అంగుళం ముందుకూ వెనక్కూ జరుపుతూ బిందెలో గీత ఎలా నడుస్తుందో చూడండి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మొదటిసారి గీత సరిగ్గా కుదిరినప్పుడు వదినను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను.

ఇక మిగిలింది మీరు. బిందె పొట్ట ఆటో పక్కన ఉండే సైడ్ మిర్రర్ లాంటిది. బయటికి ఉబ్బిన అద్దం, చుట్టూ ఉన్న లోకాన్నంతా చిన్నది చేసి తనలో పెట్టుకుంటుంది. మీరు దూరం జరిగిన కొద్దీ అందులో చిన్నవారవుతారు. అర మీటరు దూరంలో ఉన్నప్పటితో పోలిస్తే మీటరున్నర దూరంలో మీ బొమ్మ మూడో వంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది. కాబట్టి వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టండి. అది చాలకపోతే ఇంకో థర్మాకోల్ షీటుకు లెన్స్ పట్టేంత కన్నం చేసి, దాని వెనక నుంచి తీయండి. బిందెలో ఒక చిన్న చుక్క తప్ప మీ ఆనవాలు ఉండదు.

ఫోకస్ దగ్గర జాగ్రత్త. ఫోన్ బిందెను వదిలేసి బిందెలో కనిపించే బొమ్మ మీద ఫోకస్ పెట్టడానికి చూస్తుంది. అందుకే పొట్ట మీద నొక్కకుండా మూతి అంచు మీద గాని, కంపెనీ పేరు గుద్దిన చోట గాని నొక్కండి. తెరమీద సూర్యుడి గుర్తు వస్తుంది. పంచె బూడిద రంగులో పడుతుంటే దాన్ని కాస్త పైకి, బిందె తెల్లగా మాడిపోతుంటే కిందికి జరపండి.

ఇత్తడి కుందులకూ ఇదే గుడారం. ముందు చింతపండుతో తోమండి. పులుపు పైనున్న చిలుమును తీసేస్తుంది. తడి లేకుండా తుడిచాక గుడ్డతోనే పట్టుకోండి. ఒక్క వేలిముద్ర పడినా ఫొటోలో పెద్ద మచ్చే. ఇంకో సంగతి. ఒకసారి కుంది పాదం దగ్గర ఎర్రటి చార వచ్చింది, తుడిస్తే పోలేదు. కాసేపటికి తెలిసింది, పక్కన నిలబడ్డ వదిన చీర ఎర్రది. లోహానికి ఫొటో తీసేటప్పుడు మీరు, పక్కనున్నవాళ్లు తెల్లవో నల్లవో బూడిదవో కట్టుకోవడం మంచిది.

చీర

మంగళగిరి నూలు చీర ఒక్కదానిలోనే రెండు రకాలూ ఉన్నాయి. నేత భాగం నూలు, గోడలా వెలుగును వెదజల్లుతుంది. జరీ అంచు లోహం, కుందిలా మెరుస్తుంది. ఎదురు వెలుగులో తీస్తే నూలు బాగుండి జరీ చచ్చిపోతుంది, లేదా జరీ మండిపోయి నూలు నల్లబడుతుంది. చీరను బల్ల మీద పరిచి, నాలుగు మడతలు పడేలా వదిలి, వెలుగు ఒక పక్క నుంచి మడతలకు అడ్డంగా వచ్చేలా పెట్టండి. అవతలి పక్క థర్మాకోల్ షీటు నిలబెడితే నీడలు మెత్తబడతాయి. జరీ మీద నొక్కి ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుతురు, పెట్టుకోండి.

పట్టు చీరకు ఒక్క ఫొటో ఎప్పుడూ చాలదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయినప్పుడు ఒక వైపు నుంచి నెమలికంఠం, ఇంకో వైపు నుంచి ఊదా కనిపిస్తుంది. కొంగును చేత్తో నెమ్మదిగా ఎత్తి దించుతూ పది సెకన్ల వీడియో తీయండి. కొనేవారికి ఇది చూపించడం న్యాయం కూడా. ఫొటోలో ఒక రంగు, ఇంటికొచ్చాక ఒక రంగు అనే మాట రాదు.

కృష్ణ ఒడ్డున కూలింగ్ గ్లాస్

గాజు, నీరు, నిగనిగలాడే బల్ల మీది మెరుపును తప్పించడానికి ఒక చిన్న పనిముట్టు ఉంది. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాస్, అంటే ఒక దిక్కులో ఊగే వెలుగును మాత్రమే వదిలే నల్ల కళ్లద్దాలు. మీ ఇంట్లో ఉన్నది అదేనా అని తెలుసుకోవడం తేలిక. ల్యాప్‌టాప్ తెర ముందు ఆ కళ్లద్దాల్లో ఒక అద్దాన్ని పట్టుకుని గుండ్రంగా తిప్పండి. ఒక చోట తెర నల్లబడితే అది పోలరైజ్డే. మామూలు నల్లద్దమైతే ఎలా తిప్పినా ఒకేలా ఉంటుంది.

దాన్ని తీసుకుని ఒక ఉదయం పున్నమి ఘాట్‌కో దుర్గా ఘాట్‌కో వెళ్లండి. నీళ్లు కాస్త తేటగా, గాలి లేకుండా ఉన్న రోజు చూసుకోండి. ముందు ఉత్త కళ్లతో చూడండి. కాళ్ల దగ్గర నిటారుగా కిందికి చూస్తే నీటి లోపలి మెట్టు కనిపిస్తుంది. చూపును కొంచెం కొంచెంగా దూరం జరపండి. మెట్లు మాయమై ఆకాశం మొదలవుతుంది. భవానీ ద్వీపం వైపు చూస్తే నది మొత్తం అద్దమే. నీటి మీద నిటారుగా పడ్డ వెలుగులో సుమారు రెండు శాతమే వెనక్కి వస్తుంది. చూపు నీటికి సమాంతరం అవుతున్న కొద్దీ అది పెరుగుతూ పోయి దాదాపు మొత్తం అవుతుంది. అదే నది, అదే నీరు, మీ చూపు వాలు ఒక్కటే మారింది.

ఇప్పుడు కూలింగ్ గ్లాస్ పెట్టుకుని, మీకు రెండు మీటర్ల దూరంలో ఉన్న నీటిని చూడండి. నిలబడ్డ మనిషి కన్ను నీటికి మీటరున్నర ఎత్తులో ఉంటే ఆ దూరం దగ్గర చూపు నిలువు గీతకు 53 డిగ్రీల వాలులో ఉంటుంది. ఆ వాలులో తిరిగొచ్చే వెలుగు తరంగాలన్నీ అడ్డంగానే ఊగుతాయి. గ్లాసు అడ్డంగా ఊగేవాటిని ఆపేస్తుంది. ఆకాశం ఒక్కసారిగా తప్పుకుని లోపలి మెట్టు, దాని మీద పట్టిన పాచి బయటపడతాయి. తలను ఒక భుజం మీదికి పూర్తిగా వాల్చండి, ఆకాశం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. గాజుకు ఆ వాలు సుమారు 56 డిగ్రీలు.

సి.వి. రామన్ 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ చేసింది ఇదే పని. ఆయన చేతిలో ఉన్నది నికోల్ ప్రిజం అనే స్ఫటికం. సముద్రం నీలంగా ఉండటానికి కారణం ఆకాశం నీలం అందులో ప్రతిఫలించడమే అని అప్పట్లో పెద్దలు అనేవారు. రామన్ ఆ స్ఫటికంతో నీటి పైమెరుపును ఆపి చూశాడు. మెరుపు పోయింది, నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటిలోపల వెలుగు చెదరడం గురించి అలా మొదలైన ఆలోచనే 1928 నాటి రామన్ ఎఫెక్ట్ వైపు నడిపించింది. ఆయన చిన్నతనం, బడి చదువు విశాఖపట్నంలో, ఆ సముద్రం పక్కనే.

ఫొటోకు వాడాలంటే గ్లాసును ఫోన్ లెన్స్‌కు ఆనించి, తెరలో మెరుపు తగ్గేదాకా నెమ్మదిగా తిప్పండి. ఎండుమిరపకాయల రాశికీ, కారు అద్దానికీ, గాజు అలమరకీ బాగా పనిచేస్తుంది. బిందెకు దీన్ని పట్టుకోకండి. లోహం నుంచి వచ్చే మెరుపు ఇలా ఆగదు. ఇక సాయంత్రం దాకా ఉంటే ప్రకాశం బ్యారేజీ దీపాల కింద నీళ్లలో పొడుగాటి వెలుగు స్తంభాలు కనిపిస్తాయి. ఒక్కో అల వాలు ఒక్కో దీపపు తునకను మీ వైపుకు తిప్పితే అవన్నీ కలిసి స్తంభమవుతాయి. వాటికి ఫోన్‌ను గట్టు మీద కదలకుండా ఆనించి, టైమర్ పెట్టి తీయండి.

గోడ మీది పాత ఫొటో

ఇది రాయడానికే అసలు ఇదంతా మొదలుపెట్టాను.

మా అమ్మమ్మ దగ్గర తాతయ్య ఫొటోలు రెండే ఉండేవి. ఒకదాన్ని పెద్దది చేయిద్దామని ఒక దుకాణంలో ఇచ్చాం. అక్కడ ఫ్రేము విప్పి ఫొటోను అద్దం నుంచి లాగారు. ఏళ్ల తరబడి తేమకు ఫొటో పైపొర అద్దానికి అతుక్కుని ఉంది. తాతయ్య ముఖం సగం అద్దం మీదే ఉండిపోయింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆ అద్దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. మీ ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే, అద్దానికి అంటుకున్నట్టు ఎక్కడైనా తడి మచ్చలా కనిపిస్తే, దయచేసి ఫ్రేము విప్పకండి, ఎవరినీ విప్పనివ్వకండి. అద్దం మీదుగానే ఫొటో తీయండి.

ఫ్రేమును గోడ నుంచి దింపి, పొడిగుడ్డతో అద్దం తుడిచి, కుర్చీలో నిటారుగా నిలబెట్టండి. కిటికీ దానికి ఒక పక్కన, 45 డిగ్రీల వాలులో ఉండాలి. మీరు నేరుగా ఎదురుగా ఉంటారు. కిటికీ వెలుగు క్యారమ్ స్ట్రైకర్‌లా అవతలి పక్కకు పోతుంది, మీ వైపుకు రాదు. అవతలి పక్క థర్మాకోల్ షీటు పెడితే వెలుగు రెండు పక్కలా సమానంగా పడుతుంది. దాన్ని కూడా ఆ 45 డిగ్రీల వాలులోనే ఉంచండి.

ఇప్పుడు చేతి అద్దం తీసుకుని ఫ్రేము అద్దం మీద బల్లపరుపుగా ఆనించండి. ఫోన్ పెట్టబోయే చోటు నుంచి ఒక కన్నుతో చూడండి. ఆ చేతి అద్దంలో ఏది కనిపిస్తే అదే మీ ఫొటో మీద పడబోతోంది. నాలుగు మూలలకూ జరిపి చూడండి. నాకు మొదట ఒక మూలలో దేవుడి గదిలోని ఎర్ర బల్బు, ఇంకో మూలలో నా తెల్ల చొక్కా కనిపించాయి. బల్బు ఆపి, నా వెనక తలుపుకు ముదురు రంగు దుప్పటి కట్టి, నల్ల చొక్కా వేసుకుని మళ్లీ చూశాను. నాలుగు మూలలా చీకటి. అప్పుడు తీయాలి.

గాజు ఒక్కో వైపు నుంచి వెనక్కి పంపేది సుమారు నాలుగు శాతం, రెండు వైపులా కలిపి ఎనిమిది లోపే. ఇంత చిన్నదాని గురించి ఇంత హడావిడి ఎందుకంటే, బయటి ఎండ ఇంట్లో వెలుతురు కంటే వందల రెట్లు ఎక్కువ. అందులో ఎనిమిది శాతం కూడా ఫొటోను మింగేస్తుంది. పైగా ఫొటోలోని నల్లటి జుట్టు, కోటు, నీడలు తమ మీద పడ్డ వెలుగులో కొద్ది శాతమే తిప్పిపంపుతాయి. అందుకే మెరుపు ముందుగా తినేసేది నలుపునే. పాత నలుపు తెలుపు ఫొటోల్లో ఆ నల్లటి చోట్ల నీలంగా, వెండి పూసినట్టు ఒక మెరుపు కూడా ఉంటుంది. అది వెండే. ఫొటోలోని వెండి ఏళ్ల మీద పైకి తేలి వస్తుంది. అది కనిపిస్తే కిటికీ వాలును కొంచెం పెంచి, ఇంకా పక్క నుంచి వచ్చేలా ఫ్రేమును తిప్పండి. ఎదురుగా నిలబడి తీస్తున్నారు కాబట్టి ఇక్కడ కూలింగ్ గ్లాస్ పనిచేయదు.

ఫోన్ తెర అంచులకు ఫ్రేము అంచులు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకుని, మూడు సెకన్ల టైమర్ పెట్టి, నాలుగైదు తీయండి.

ఇలా తీసిన తాతయ్య ఫొటోను అమ్మమ్మకు ఫోన్‌లోనే చూపించాను. అది 1957లో ప్రకాశం బ్యారేజీ తెరిచిన కొత్తలో అక్కడ తీయించుకున్నదని ఆవిడ ఎప్పుడూ చెప్పేది. మాకు ఎప్పుడూ తాతయ్య వెనక కిటికీ మెరుపే కనిపించేది. ఇప్పుడు ఆయన భుజం వెనక బ్యారేజీ స్తంభాలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తున్నాయి. అమ్మమ్మ వేలితో వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

ప్రింటు తీయిస్తే గ్లాసీ వద్దని, మ్యాట్ కాగితం మీద వేయమని అడగండి. ఫ్రేమును మళ్లీ తగిలించేటప్పుడు కిటికీకి ఎదురు గోడ వద్దు, కిటికీ ఉన్న గోడకు పక్క గోడ చూసుకోండి. పాత ఇళ్లలో ఫొటోలను పై అంచు ముందుకు వాలేలా తగిలించేవారు, గుర్తుందా? అలాగే చేయండి. మేకు గుమ్మం పైకి కొట్టి, వెనక తాడు కాస్త వదులుగా కట్టి, కింది అంచు గోడకు ఆనేలా ఉంచండి. ఫ్రేము ఐదు డిగ్రీలు వాలితే అందులో కనిపించేది పది డిగ్రీలు కిందికి దిగుతుంది. వాలు చాలితే, ఎదురుగా నిలబడి తలెత్తి చూసేవారికి కిటికీ, ట్యూబ్‌లైటు బదులు గదిలో నీడ పట్టిన కింది భాగం ప్రతిఫలిస్తుంది. వాలు చాలిందో లేదో చూడటానికి చేతి అద్దం మళ్లీ ఒకసారి ఆనించి చూసి, అప్పుడు తాడు ముడి బిగించండి.